బోరు నీళ్లతో టెంకాయ తోట: గుంత నుంచి గానుగ దాకా

మా మడకశిర వైపు కొబ్బరికాయ అని ఎవరూ అనరు, టెంకాయ అంటారు. తోట పెట్టాలనుకునే ప్రతి ఒక్కరూ మొదట అడిగే మాట కూడా ఒకటే: "ఎకరాకు ఎన్ని చెట్లు పడతాయి?" పన్నెండేళ్ల కింద నేనూ అదే అడిగాను. డెబ్బై అన్నారు. రెండెకరాల్లో 140 నాటాను. అప్పుడు బోరులో రెండించుల నీళ్లు. నాలుగో ఏడు ఎండాకాలానికి ఆ బోరు అరగంట పోసి గంట ఆగడం మొదలుపెట్టింది. ట్యాంకర్లు తోలించాను, అప్పు చేశాను, అయినా 58 చెట్లు పోయాయి. మిగిలినవి 82.

అందుకని ఈ మార్గదర్శి గుంతలతో మొదలవ్వదు, డ్రమ్ముతో మొదలవుతుంది. కోనసీమ రైతుకు ఇది అక్కర్లేదు. ఉమ్మడి అనంతపురం, కడప, కర్నూలు జిల్లాల్లో బోరును నమ్ముకుని చెట్టు పెట్టేవాళ్ల కోసం రాస్తున్నాను.

మొదటి పని: మే నెలలో డ్రమ్ము పెట్టి చూడండి

టెంకాయ చెట్టుకు ఏడాది పొడవునా పరుచుకుని 1,500 మిల్లీమీటర్లకు పైగా వాన ఉంటే సుఖం. అనంతపురానికి పడేది 550 మిల్లీమీటర్ల చుట్టూ, అదీ సగానికి పైగా మూడు నాలుగు నెలల్లోనే. మిగతాదంతా బోరే పూడ్చాలి.

ఒక్క చెట్టుకు ఎంత కావాలో ఇంట్లో కూర్చుని లెక్కేయొచ్చు. పాదు ఆరడుగుల వ్యాసార్థం అనుకుంటే వైశాల్యం సుమారు 10 చదరపు మీటర్లు. మన మే నెల ఎండకు, గాలికి రోజుకు 8 నుంచి 10 మిల్లీమీటర్ల నీరు ఆవిరైపోతుంది. అంటే రోజుకు 80 నుంచి 100 లీటర్లు. కాసరగోడులోని కేంద్ర తోటపంటల పరిశోధన సంస్థ పడమటి తీరానికి చెప్పే డ్రిప్ లెక్క రోజుకు 30 లీటర్ల దగ్గర ఉంటుంది. ఆ లెక్క చూసి ఇక్కడ చెట్లు నాటితే ఏమవుతుందో నన్ను అడగండి, చెప్తాను.

ఇప్పుడు 200 లీటర్ల డ్రమ్ము తీసుకెళ్లి బోరు పైపు కింద పెట్టండి. వానలు పడ్డాక నవంబరులో కాదు, మే మూడో వారంలో. అదీ మోటారు వేసిన వెంటనే కాదు, రెండు గంటలు ఆడాక. మొదట వచ్చేది రాత్రంతా బోరులో ఊరిన నీళ్లు, దాన్ని చూసి మురిసిపోకూడదు. డ్రమ్ము పది నిమిషాల్లో నిండితే నిమిషానికి 20 లీటర్లు, గంటకు 1,200. వ్యవసాయానికి కరెంటు తొమ్మిది గంటలే అయినా ట్రిప్పులు, లో వోల్టేజీ పోను ఏడు గంటలు చేతికొస్తాయనుకుందాం. రోజుకు 8,400 లీటర్లు. చెట్టుకు 100 లీటర్ల చొప్పున 84 చెట్లు. నా దగ్గర 82 ఎలా మిగిలాయో ఈ లెక్క చేశాకే తెలిసింది.

మీరు 84 కూడా నాటకండి. నాలుగో వంతు తగ్గించి 63 పెట్టుకోండి. ఎనిమిది మీటర్ల దూరంతో నాటితే ఎకరాకు సరిగ్గా అన్నే పడతాయి. అంటే నిమిషానికి 20 లీటర్లు పోసే బోరు కింద ఒక్క ఎకరా తోట. పొలం ఇంకా నాలుగెకరాలున్నా సరే.

"ఒక్క ఎండాకాలమే కదా, తట్టుకుంటుందిలే" అంటారు. చెట్టు చావకపోవచ్చు, కానీ లెక్క అక్కడితో అయిపోదు. టెంకాయ చెట్టు లోపల పూగుత్తి మొలక వేయడం, ఆ పూత పైకి విచ్చుకోవడానికి సుమారు 32 నెలల ముందే మొదలవుతుంది. పూత విచ్చాక కాయ ముదరడానికి మరో పన్నెండు నెలలు. ఈ ఏడాది మేలో చెట్టును ఎండబెడితే ఆ దెబ్బ మూడేళ్ల తర్వాత కాపులోనూ కనిపిస్తుంది. అప్పటికి మనం నీళ్ల సంగతి మర్చిపోయి, ఎరువు చాలలేదనో, ఎవరిదో దిష్టి తగిలిందనో అనుకుంటాం.

రెండో పని: నేల లోతు

ఎర్రనేల, గరుసు కలిసిన నేల, ఇసుక పాలు ఉన్న వంక పక్క నేలలు బాగుంటాయి. నల్లరేగడిలో నీళ్లు నిలిచే చోట వద్దు. పైన ఎర్రమన్ను ఉండి రెండడుగుల కింద బండ తగిలే పొలాలు మన దగ్గర చాలా ఉన్నాయి. జేసీబీ గంట అద్దెకు పిలిపించి పొలంలో నాలుగు మూలల్లో ఐదడుగుల లోతు తవ్వించి చూడండి. బండ గానీ తెల్లటి సుద్ద పొర గానీ తగిలితే ఆ చోట చీనీనో, మామిడో, మరేదైనా ఆలోచించుకోవచ్చు. బోరు నీళ్లు కాస్త ఉప్పగా ఉన్నా టెంకాయ ఓర్చుకుంటుంది. చెట్టు మొదట్లో ఉప్పు వేస్తే కాయ పెరుగుతుందని పెద్దవాళ్లు చెప్తారు. మన బోర్లు ఎలాగూ ఆ పని చేస్తూనే ఉన్నాయి, మీరు కొత్తగా వేయకండి.

మూడో పని: ఏ రకం, ఎక్కడి మొక్క

ముందు ఏం అమ్ముతారో తేల్చుకోవాలి. బెంగళూరు దారి పక్కన ఎళనీరు, అదే మనం బోండాం అనేది, అమ్మాలంటే పొట్టి రకాలు: గంగాబొండం, చౌఘాట్ ఆరెంజ్ లాంటివి. మూడు నాలుగేళ్లలో కాపుకొస్తాయి. కానీ నీటి ఎద్దడికి తొందరగా వాడిపోతాయి, ఆయుష్షూ తక్కువ. ఎండుకొబ్బరి, నూనె అయితే పొడుగు రకాలు: ఈస్ట్ కోస్ట్ టాల్, తిప్టూర్ టాల్. కాపుకు ఆరేడేళ్లు ఆగాలి, కరువుకు ఓర్చుకుంటాయి. మధ్యలో హైబ్రిడ్లు ఉన్నాయి. ఈస్ట్ కోస్ట్ టాల్‌ను గంగాబొండంతో కలిపి అంబాజీపేట పరిశోధన స్థానం ఇచ్చిన గోదావరి గంగ వాటిలో పేరున్నది. హైబ్రిడ్ బాగా కాస్తుంది, బాగా తింటుంది, బాగా తాగుతుంది. నీళ్లు ఒక ఏడు ఉండి ఒక ఏడు లేని బోరు కింద నేనైతే తిప్టూర్ టాల్‌కే ఓటేస్తాను. పక్కనే తుమకూరు జిల్లాలో మనలాంటి వాతావరణంలో తరాలుగా నిలబడిన రకం అది.

నాటిన ఏడేళ్లకు గానీ మొక్క మంచిదో కాదో తెలియని పంట ఇది. నా 140లో నలభై మొక్కలు హైబ్రిడ్ అని చెప్పి ఒక ప్రైవేటు నర్సరీలో అంటగట్టారు. కాపుకొచ్చాక చూస్తే అందులో సగం మామూలు పొడుగు రకమే. బిల్లు లేదు, అడిగే దారీ లేదు. కాబట్టి కొబ్బరి అభివృద్ధి బోర్డు వారి ఏలూరు దగ్గరి వేగివాడ క్షేత్రం, అంబాజీపేట పరిశోధన స్థానం, లేదా ఉద్యానశాఖ వాళ్లు చూపించిన నర్సరీ నుంచే తెచ్చుకోండి. ముందుగా బుక్ చేసుకుని నెలలు ఆగాల్సి వచ్చినా ఆగండి.

మొక్క వయసు తొమ్మిది నుంచి పన్నెండు నెలలు. కనీసం ఆరు ఆకులు, మొదలు చుట్టుకొలత పది సెంటీమీటర్లు. చిన్నప్పుడే ఆకు చీలికలుగా విడిపోవడం మొదలైన మొక్క తొందరగా కాపుకొస్తుందని గుర్తు.

సొంతంగా మొలకెత్తించుకుంటామంటే ఇరవై ఏళ్లు దాటి, ఏటేటా ఎనభై కాయలకు తగ్గకుండా కాసే పొడుగు రకం చెట్టును ఎంచుకోండి. తలకట్టు గుండ్రంగా గొడుగులా ఉండి, ముప్పై మట్టలకు పైగా ఉండాలి. ఒక్క ఏడాది విరగకాసిన చెట్టు వద్దు. పదకొండు పన్నెండు నెలల కాయలను తాడుతో దించి, రెండు నెలలు నీడలో పెట్టి నారుమడిలో పాతండి. ఆరు నెలల్లో మొలక రాని కాయను జాలి చూపకుండా తీసేయాలి.

నాలుగో పని: గుంత, నాటడం

మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు. ఎండాకాలంలో తవ్వి నెల రోజులు ఎండనివ్వండి. అడుగున టెంకాయ డొప్పలను, అంటే కాయ ఒలిచినప్పుడు వచ్చే పీచు చెక్కలను, రెండు వరుసలు పరవాలి. ఇక్కడొక సంగతి ఉంది. గుంతలో పరిచేటప్పుడు డొప్ప గుంట వైపు పైకి ఉండాలి, గిన్నె పెట్టినట్టు. అప్పుడు నీళ్లు పట్టి నిలుపుకుంటుంది. అదే చెట్టు పెద్దయ్యాక పాదు మీద పరిచేటప్పుడు బోర్లించాలి, తేమ పైకి పోకుండా మూతలా పనిచేస్తుంది. రెండూ ఒకటే డొప్పలు, రెండు రకాల ఉద్యోగాలు. గుంతలో పూడ్చిన డొప్పలు ఐదారేళ్ల దాకా తేమ పట్టి ఉంచుతాయి.

డొప్పల మీద పైమన్ను, బాగా మాగిన దిబ్బ ఎరువు, రెండు కిలోల వేపపిండి కలిపి గుంతను రెండడుగుల వరకు నింపండి. పై అడుగు ఖాళీగానే ఉండాలి. మధ్యలో చిన్న గుంత తీసి మొక్క పెట్టి, కాయ మునిగేంత వరకే మన్ను తొక్కాలి. మన్ను మొవ్వులో, అంటే నడిమి లేత ఆకు మొలకలో, పడితే కుళ్లుతుంది. మాగని పేడ వేస్తే చెదలు, కొమ్ముపురుగు రెండూ పిలవకుండానే వస్తాయి.

ఎప్పుడు నాటాలి? తొలకరికి నాటమని పుస్తకాల్లో ఉంటుంది. మన దగ్గర తొలకరి వెనకాలే ఆషాఢ గాలి వస్తుంది. రామగిరి గుట్టల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆ గాలికి లేత మొక్క వేరు కదిలిపోతుంది. మన వాన అసలు పడేది సెప్టెంబరు, అక్టోబరులలో కాబట్టి ఉత్తర కార్తె, హస్త కార్తెల్లో నాటితే నాలుగైదు నెలలు చల్లగా కుదురుకుంటుంది. మొదటి రెండు ఎండాకాలాలు నైరుతి వైపు నీడ కావాలి. నేను తాటాకులు గుచ్చాను, గాలికి ఎగిరిపోయాయి. రెండో విడత మొక్క పక్కనే నాలుగు ఆముదం విత్తనాలు, నాలుగు కంది విత్తనాలు వేశాను. నీడకు నీడ, ఇంటికి కందులు.

ఐదో పని: నీళ్లు పారించడం

మొదటి ఏడు రోజుకు పది పదిహేను లీటర్లు, మూడో ఏటికి నలభై, కాపుకొచ్చాక మేలో ముందు చెప్పిన వంద. వానలు పడే నెలల్లో ఆపేయొచ్చు. చలికాలంలో సగం చాలు.

పెద్ద చెట్టుకు గంటకు ఎనిమిది లీటర్లు పోసే డ్రిప్పర్లు నాలుగు, మాను నుంచి మూడడుగుల దూరంలో నాలుగు వైపులా. మూడు గంటలకు 96 లీటర్లు. చాలామంది మాను మొదట్లోనే రెండు డ్రిప్పర్లు పెట్టి వదిలేస్తారు. ఆ నీళ్లు తాగే వేర్లు అక్కడ లేవు; ఆరడుగుల వలయంలో పరుచుకుని ఉంటాయి. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, డ్రిప్పర్ల చుట్టూ తెల్లగా పేరుకుంటుంది. ఏడాదికి రెండుసార్లు డ్రిప్ కంపెనీ వాళ్లు చెప్పిన మోతాదులో యాసిడ్ ఎక్కించి కడగాలి.

పాదు ఎప్పుడూ బోడిగా ఉండకూడదు. డొప్పలు బోర్లించండి, రాలిన మట్టలను మూడు ముక్కలు చేసి పరవండి. మా తోటలో ఇది మొదలుపెట్టాక మే నెలలో కూడా రోజు విడిచి రోజు పెడుతున్నాను, మొవ్వు వాడలేదు.

మొదటి ఐదారేళ్లు చెట్ల మధ్య ఖాళీలో వేరుశనగ, ఉలవ, బంతి ఏదైనా వేసుకోండి. అమరాపురం వైపు వక్క కూడా కలిపి పెడతారు, కానీ అది నీళ్లకు టెంకాయకన్నా పెద్ద రాక్షసి. మల్బరీ పెట్టేవాళ్లు మాత్రం చెట్లకు మందు కొట్టేటప్పుడు రెండుసార్లు ఆలోచించాలి. ఆ తుంపర పడిన ఆకు తింటే పట్టుపురుగులు చచ్చిపోతాయి.

ఆరో పని: ఎరువు

కాపు చెట్టుకు ఏడాదికి కిలో యూరియా, రెండు కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, రెండు కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్. దీంతోపాటు యాభై కిలోల దిబ్బ ఎరువు. నాటిన మూడు నెలలకు ఇందులో పదో వంతు, రెండో ఏడు మూడో వంతు, మూడో ఏడు మూడింట రెండు వంతులు, నాలుగో ఏడు నుంచి పూర్తి మోతాదు. రెండు దఫాలుగా వేయాలి: మూడో వంతు తొలకరికి, మిగతాది సెప్టెంబరు వానలకు. మనవాళ్లు యూరియా గుప్పించి పొటాష్ మర్చిపోతారు. కాయ నిండాలన్నా, చెట్టు ఎండను ఓర్చుకోవాలన్నా పొటాషే.

లేత ఆకుల చివర్లు కొక్కెంలా వంగి, చీలకుండా ముడుచుకుపోతే బోరాన్ లోపం. చెట్టుకు 50 గ్రాముల బోరాక్స్ పాదులో వేస్తే కొత్త ఆకులు సరిగ్గా వస్తాయి.

ఏడో పని: పురుగు కంటే ముందు దిబ్బను చూడండి

అన్నింటికన్నా ఎక్కువ టెన్షన్ పెట్టేది కొమ్ముపురుగు. విచ్చిన ఆకు మీద కత్తెరతో కత్తిరించినట్టు వీ ఆకారపు కోతలు కనిపిస్తే అదే. మొవ్వులో దూరి లేత ఆకును నమిలేస్తుంది. చిన్న మొక్క అయితే చచ్చిపోతుంది. ఇది పుట్టేది చెట్టులో కాదు, మన పేడ దిబ్బలో, కుళ్లిన మొద్దుల్లో. దిబ్బను తిరగేస్తే తెల్లగా లావుగా, అర్ధచంద్రాకారంలో ముడుచుకున్న పురుగులు కనిపిస్తాయి. వాటిని కోళ్లకు వేయండి, దిబ్బలో మెటారైజియం శిలీంధ్రపు పొడి కలపండి. చెట్టు మీద అయితే మొవ్వు పక్కనున్న మూడు మట్టల మొదళ్లలో పావు కిలో వేపపిండికి అంతే ఇసుక కలిపి నింపాలి. చిన్న మొక్కలకు మూడు కలరా ఉండలు పెట్టి పైన ఇసుక వేసినా పనిచేస్తుంది. మొవ్వులోకి దూరినదాన్ని ఇనుప కొక్కెంతో లాగేయాలి.

కొమ్ముపురుగు చేసిన గాయం వాసనకు ఎర్రముక్కు పురుగు వస్తుంది. ఇది ఇంకా ప్రమాదం. మానులో గుడ్లు పెడుతుంది, పిల్ల పురుగులు లోపల గుజ్జంతా తింటాయి. మాను మీద రంధ్రం, అందులోంచి నమిలిన పీచు, గోధుమ రంగు జిగురు కారడం కనిపించేసరికి సగం పని అయిపోయి ఉంటుంది. చెవి ఆనిస్తే కరకర శబ్దం వినపడుతుంది. అందుకే పచ్చి మట్టను మాను దాకా నరకకండి, మూడడుగుల తొడిమ వదిలి కోయండి. ఎక్కడానికి మాను మీద గాట్లు పెట్టనివ్వకండి. తోటలో ఈ పురుగుతో చచ్చిన చెట్టును చీల్చి తగలబెట్టాలి. కట్టెలకు పనికొస్తుందని పక్కన పడేస్తే పక్క చెట్టుకు కబురు పంపినట్టే.

కాయల తొడిమ దగ్గర తెల్లటి త్రికోణపు మచ్చ వచ్చి, తర్వాత గోధుమ రంగుకు తిరిగి పెచ్చులు లేస్తే ఇరియోఫిడ్ నల్లి. కంటికి కనిపించదు. 10,000 పీపీఎం వేప మందు పది మిల్లీలీటర్లకు అంతే నీళ్లు కలిపి, లేత వేరును ఏటవాలుగా కోసి చిన్న పాలిథీన్ సంచిలో ముంచి కట్టడం రైతుకు తేలికైన పద్ధతి. వేరు తాగేస్తుంది.

2016లో పొల్లాచి వైపు మొదట కనిపించిన సర్పిలాకార తెల్లదోమ తర్వాత మన రాష్ట్రంలోకీ వచ్చింది. ఆకుల అడుగున తెల్లటి చుట్టలు, కింది ఆకుల మీద నల్లటి మసి. చూసి భయపడి గట్టి మందులు కొట్టకండి. దాని పిల్లల మీద బతికి వాటిని చంపే ఎన్కార్సియా అనే కందిరీగ జాతి చిన్న పురుగు కూడా ఆ మందుకు చచ్చి, దోమ ఇంకా పెరుగుతుంది. నీళ్లు గట్టిగా చిమ్మి కడిగితే చాలావరకు తగ్గుతుంది.

మాను మొదట్లో ఎర్రటి గోధుమ రంగు జిగురు కారి, మట్టలు ఒక్కొక్కటే వేలాడుతుంటే అది గానోడెర్మా అనే శిలీంధ్రపు తెగులు. నీళ్లు లేక ఎండిన తోటల్లో ఎక్కువ. నయం అవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి, ఆపడమే మన పని. జబ్బు చెట్టు చుట్టూ కందకం తీయాలి, ఆ పాదు నీళ్లు పక్క పాదులోకి పారకూడదు. మిగతా చెట్లకు ఐదు కిలోల వేపపిండిలో 50 గ్రాముల ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రపు పొడి కలిపి ఏటా వేసుకోవాలి.

ఎనిమిదో పని: దించడం

చెట్టుకు నెలకొక మట్ట, ఆ మట్ట సందులో నెలకొక గెల. బోండాం అయితే ఏడు నెలల కాయ, ఎండుకొబ్బరికి పన్నెండు నెలల కాయ. 45 నుంచి 60 రోజులకు ఒకసారి దించుకోవచ్చు. మంచి యాజమాన్యంలో చెట్టుకు ఏడాదికి 80 నుంచి 100 కాయలు అంటారు. కాపుకొచ్చిన మొదటి రెండేళ్లు ఆ లెక్క పెట్టుకుని అప్పు చేయకండి.

ఎక్కేవాళ్లు దొరకడం కష్టంగా ఉంది. కొబ్బరి అభివృద్ధి బోర్డు చెట్టెక్కే యంత్రంతో యువకులకు శిక్షణ ఇస్తోంది, ఊరికి ఇద్దరిని పంపినా చాలు. దోటితో కోస్తే ముదిరిన గెలతో పాటు లేతది కూడా రాలిపోతుంది.

తొమ్మిదో పని: ఎండుకొబ్బరి, నూనె

పచ్చి కాయ ధర పడిపోయిన నెలలో కూడా వ్యాపారి లారీ తెచ్చాడు కదా అని ఇచ్చేయడం మనకు అలవాటు. ఎండబెట్టిన కొబ్బరికి ఆ తొందర లేదు.

నూనె కొబ్బరికి ముదురు కాయను నేలలో పాతిన గునపం మీద ఒలిచి, రెండు చెక్కలు చేసి, చిప్పతోనే ఎండలో బోర్లించకుండా పెట్టండి. రెండు రోజులకు కొబ్బరి చిప్పను వదులుతుంది. తీసి మరో ఐదారు రోజులు ఎండబెట్టాలి. పచ్చి కొబ్బరిలో సగం నీళ్లే. అది ఆరు శాతానికి దిగాలి. విరిస్తే వంగకుండా పుటుక్కున విరగడం గుర్తు. సాయంత్రం మంచుకు బయట వదలకండి, మట్టి నేల మీద పరవకండి. బూజు పట్టిన కొబ్బరిని కడిగి గానుగకు పంపేవాళ్లున్నారు. ఆ బూజులో అఫ్లటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, కడిగితే పోదు. వెయ్యి కాయలకు సుమారు 150 కిలోల ఎండుకొబ్బరి వస్తుంది.

గుండు కొబ్బరి వేరే కథ. పన్నెండు నెలలు నిండిన కాయను ఒలవకుండా, గాలి ఆడే అటక మీద ఎనిమిది నుంచి పన్నెండు నెలలు ఉంచాలి. లోపలి నీళ్లు ఇంకిపోయి, కొబ్బరి చిప్పను వదిలి బంతిలా అవుతుంది. ఊపితే గలగల లాడుతుంది. దీన్నే కోనసీమలో కురిడీ అంటారు. గాలిలో తేమ తక్కువున్న మన సీమకు ఇది బాగా నప్పుతుంది. దీనికి పేరుపడ్డ మార్కెట్ తిప్టూరు. అక్కడికి వెళ్లినప్పుడు ఒక జాగ్రత్త: కన్నడంలో కొబ్బరి అంటే ఎండినది మాత్రమే, పచ్చిది తెంగినకాయి. మొదటిసారి ఫోనులో "కొబ్బరి ఉంది, రేటెంత" అని అడిగి, చెప్పిన రేటు విని నేను ఎగిరి గంతేశాను. నా దగ్గర ఉన్నది పచ్చి కాయ.

2025 సీజన్‌కు కేంద్రం ఇచ్చిన మద్దతు ధర నూనె కొబ్బరికి క్వింటాలుకు 11,582 రూపాయలు, గుండు కొబ్బరికి 12,100. ఆ ఏడాది బయట మార్కెట్ దాన్ని బాగా దాటింది. అలాంటి ఏడాది రోజూ రాదు, మద్దతు ధరతోనే లెక్క వేసుకోండి.

గానుగలో కిలో ఎండుకొబ్బరికి 600 గ్రాముల పైన నూనె వస్తుంది. లీటరు నూనె బరువు 920 గ్రాములు కాబట్టి లీటరుకు కిలోన్నర కొబ్బరి, అంటే పది కాయలు. ఆడించే రోజు కొబ్బరిని పొద్దున కాసేపు ఎండలో పెట్టి తీసుకెళితే నూనె బాగా దిగుతుంది. మిగిలిన పిండి పశువులకు. నూనెను రెండు రోజులు తేర్చి, తడి లేని స్టీలు క్యానులో పోయండి. ఒక్క చుక్క నీళ్లు తగిలినా నెలలో ముక్కిన వాసన వస్తుంది.

ఇంట్లో చంటిబిడ్డ కోసం కొంచెమే కావాలంటే గానుగ అక్కర్లేదు. పన్నెండు పదిహేను ముదురు కాయలు తురిమి, గోరువెచ్చటి నీళ్లతో పాలు పిండి, బట్టలో వడకట్టి, మందపాటి మూకుడులో సన్నని సెగ మీద కలుపుతూ ఉండండి. పాలు విరిగి, నీరు ఇంకి, గసి అడుగున చేరుతుంది. చిటపట ఆగి గసి లేత గోధుమ రంగుకు రాగానే దించాలి. ఇంకో రెండు నిమిషాలు ఆగితే మాడు వాసన. సుమారు లీటరు నూనె వస్తుంది. ఆ గసిలో బెల్లం కలుపుకుని తినడం కోసమే మా ఇంట్లో పిల్లలు పొయ్యి దగ్గర కాపలా ఉంటారు.

కొబ్బరినూనె 24, 25 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. డిసెంబరు తెల్లవారుజామున మన ఇళ్లలో సీసా తెల్లగా కనిపిస్తే కల్తీ కాదు. ఫ్రిజ్‌లో పెట్టినా గడ్డకట్టకపోతేనే అనుమానించాలి. ఇందులో తొంభై శాతం దాకా సంతృప్త కొవ్వే కాబట్టి వంటకు మితంగా వాడుకోవాలి. మన ఉగ్గాని మీద చల్లే పప్పుల పొడిలోకి మాత్రం నూనె కాదు, నాలుగు ముక్కల ఎండుకొబ్బరి కావాలి. గుండు కొబ్బరి అయితే రుచి వేరు.

మిగతావి

రాలిన మట్ట నుంచి ఈనెలు తీసి చీపుర్లు కడితే ఇంట్లో ఖాళీగా ఉన్న చేతులకు పని. చిప్పలను బొగ్గు చేసేవాళ్లు కొంటారు. పచ్చి మట్టలు పెళ్లి పందిళ్లకు పోతాయి, కానీ మట్టకు ఇంత ఇస్తామని మొవ్వు దాకా నరికేస్తారు. దగ్గర నిలబడి కింది వరుస మాత్రమే ఇవ్వండి.

పీచు తీసే యూనిట్ దగ్గర్లో ఉంటే పొట్టు గుట్టలుగా పడి ఉంటుంది. తన బరువుకు ఎన్నో రెట్లు నీళ్లు పట్టుకుంటుంది కదా అని నేను ఒక ట్రాక్టరు తెచ్చి పచ్చిగానే పాదుల్లో వేశాను. ఆ ఏడు ఆకులు పాలిపోయాయి. పచ్చి పొట్టు కుళ్లడానికి నేలలోని నత్రజని లాగేసుకుంటుంది. రెండోసారి నీడలో పరిచి, పొరకొకసారి కాస్త యూరియా, పుట్టగొడుగుల విత్తనం మార్చి మార్చి చల్లి, తేమ ఆరకుండా నెల పైన ఉంచాను. నల్లగా మాగాక పాదుకు రెండు తట్టలు వేసి, పైన డొప్పలు బోర్లించాను.